గ్యాస్‌నూనె ఆమె, నా ఆరు ముక్కులు

పోయిన ఆదివారం మా వంటింట్లో పదిహేను కిలోల నూనె డబ్బా కొత్తది తెరిచి, సీసాలోకి పోయబోయి, సగం గట్టు మీదా సగం నేల మీదా పోశాను. డబ్బా మూతికి ప్లాస్టిక్ ముక్కు ఒకటి ఉంది. ముందు దాన్ని పైకి లాగాలట. నేను లాగలేదు. మా ఆవిడ పాత తువ్వాలు తెచ్చి తుడుస్తూ, "ముప్ఫై ఏళ్ళు మీరు ఉద్యోగం చేసింది ఈ పనిలోనేనా?" అని నెమ్మదిగా అడిగింది. నిజమే. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక డబ్బాల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, డబ్బాల మధ్యనే రిటైరయ్యాను. తుడవడం పూర్తయ్యాక ఆమె ఇంకో మాట కూడా అంది. "ఆవిడ చూసుంటే ఏమనేదో."

ఆవిడంటే ఎవరని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒక్క మనిషే అర్థం.

అరవై తొమ్మిదిలో నాకు ఇరవై అయిదేళ్ళు. తెనాలి నుంచి ఎల్.ఎం.ఇ. పాసై వచ్చాను. ఎల్.ఎం.ఇ. అంటే ఇంజినీరింగులో డిప్లొమా, అంతే. కానీ మా అద్దె ఇంటి తలుపు మీద నా పేరు పక్కన ఆ మూడక్షరాలూ తెల్లరంగుతో రాయించుకున్నాను, పేరు కంటే కాస్త పెద్దవిగా. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళుండేవి, ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. కూరగాయలకు వెళ్ళినా వాటితోనే వెళ్ళేవాణ్ణి.

మా వీధికి రోజు విడిచి రోజు పొద్దున్నే ఒక తోపుడు బండి వచ్చేది. దాని మీద రెండు చదరపు డబ్బాలు, ఒక లీటరు కొలత, ఒక గరాటు. మేము కిరసనాయిలు అనేదాన్ని అక్కడివాళ్ళు గ్యాస్‌నూనె అంటారు. కాపురానికొచ్చిన మొదటి వారం ఆ కేక విని మా ఆవిడ వంటనూనె అనుకుని స్టీలు గిన్నె పట్టుకుని పరిగెత్తింది. బండి తోసే ఆమె గిన్నె వాసన చూసి, మా ఆవిడ మొహం చూసి, గిన్నె వెనక్కి ఇచ్చేసి, ఇంట్లో ఖాళీ సీసా ఉంటే తెమ్మని పంపింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం.

ఆమె వయసు నలభై అయిదు, యాభై మధ్య ఉండేది. పొడుగు మనిషి. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కునేది, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఆదివారం ఏ దేవుడు దిగివచ్చి అడిగినా గ్యాస్‌నూనె దొరకదు, ప్రార్థనకు పోయేది. నల్లగొండ వైపు ఏదో పల్లె నుంచి వచ్చి, కర్మన్‌ఘాట్ గుడి దాటాక అల్మాస్‌గూడ వెళ్ళే దారిలో గుడిసె వేసుకుంది. ఇంతకు మించి ఆమె జీవితం గురించి నాకు తెలియదు. ఆమె చేతుల గురించయితే చాలా తెలుసు.

పోసే ముందు ప్రతి సీసానూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. డబ్బాలో ఎంత మిగిలిందో చూడడానికి మూత తీసేది కాదు, అరచెయ్యి డబ్బా పక్కకు ఆనించి పైనుంచి కిందికి జరిపేది. నూనె ఉన్నచోట రేకు చల్లగా తగులుతుంది. పోసేటప్పుడు డబ్బాను ఎడమ తొడ మీదికి ఒరగేసుకునేది. డబ్బా మూతి నుంచి నూనె ఎప్పుడూ కొంచెం పక్కకు జారి ఆమె చీర మీద పడేది. ఎడమ తొడ మీద చీర ఎన్ని ఉతుకులైనా అక్కడ ఒక చెయ్యంత మేర రంగు మారి ఉండేది. చర్మం కూడా అక్కడ పగిలి మంట పుడుతుందని మా ఆవిడతో చెప్పిందట. పోస్తున్నంతసేపూ ఆమె మనిషిని చూడదు, సీసా భుజాన్నే చూస్తుంది. అందుకని వీధిలో అందరినీ సీసాలను బట్టే గుర్తుపెట్టుకునేది. మేము ఆమె లెక్కలో 'నీలం సీసా'.

సరిగ్గా అదే సమయంలో మా ఫ్యాక్టరీ యజమానికి ఒక ఆలోచన వచ్చింది. డబ్బాకు తగిలించి, పోసుకుని, తీసేసే ముక్కు ఒకటి తయారుచేస్తే తన డబ్బాలు ఎక్కువ పోతాయని. ఎవరు చేస్తారని అడిగితే నేను చెయ్యెత్తాను. వారంలో ఇస్తానన్నాను.

మొదటి ముక్కును మరతో బిగించేలా గీశాను. డ్రాయింగు మీద 'యూనివర్సల్ స్పౌట్, మార్క్ వన్' అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను. ఫ్యాక్టరీ షాపులో చేయించి, పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆమెకు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచిగుంది సారూ. గని కారుతది," అంది.

కారడం దాకా కూడా రాలేదు. ఆమె డబ్బాలకు మరలే లేవు. ఆ రెండు డబ్బాలు ఎన్ని చేతులు మారాయో, మూతులు ఒకటి గుండ్రంగా, ఒకటి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. నేను ఫ్యాక్టరీలో ఉన్న కొత్త డబ్బా ఒక్కదాన్నే కొలిచాను, అదీ మూడుసార్లు.

రెండో దానికి సైకిలు ట్యూబు కోసి రబ్బరు వేశాను. బిగుతుగా ఎక్కింది. సాయంత్రానికి రబ్బరు కిరసనాయిలు తాగి ఉబ్బింది, ఇక దిగలేదు. ఆమె డబ్బా మూతి కోయాల్సి వచ్చింది. మూడో దానికి పొడుగు మెడ పెట్టాను, హంస మెడలా. అది గుటకలు వేసి వేసి ఒక్కసారిగా నా మొహం మీద ఊసింది. డబ్బాలోకి గాలి వెళ్ళే దారి లేకపోతే ఏ ద్రవమైనా అలాగే గుటకలు వేస్తుందని మూడు వారాలు లెక్కలు కట్టి కనిపెట్టాను. ఆ సంగతి ఆమెకు అర్థమయ్యే భాషలో వివరిస్తుంటే ఆమె ఓపిగ్గా విని, తన డబ్బా రెండో మూల నుంచి సబ్బుముక్క ఒకటి గోటితో తీసింది. దాని కింద మేకుతో కొట్టిన చిన్న చిల్లు. పోసేటప్పుడు తీస్తుంది, పోశాక మళ్ళీ సబ్బు అద్దుతుంది. సబ్బుముక్క చొక్కా జేబులోనే ఉంటుంది, నాకు పెన్సిళ్ళున్న చోట.

"అవును, అదే చెబుతున్నాను నేను," అన్నాను.

నాలుగో దానికి ముక్కులోనే సన్నటి గాలిగొట్టం పెట్టాను. ప్రతిసారీ ఆమె తీర్పు ఒకటే. ముందు మంచిగుందనేది, తర్వాత కారుతదనేది. ఆ 'గని' అనేటప్పుడు గొంతులో ఎగతాళి ఏమీ ఉండేది కాదు. ఉంటే నేను కోపం తెచ్చుకుని బాగుపడేవాణ్ణేమో.

ఆ రోజుల్లోనే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊరంతా పాకింది. బందులు, ఊరేగింపులు, రోడ్డు మీద మంటలు. ఉన్న ఉద్యోగాలన్నీ బయటినుంచి వచ్చినవాళ్ళు పట్టుకుపోతున్నారన్నది అక్కడి కుర్రాళ్ళ కోపం. నేను బయటినుంచి వచ్చినవాణ్ణి. ఆ కోపంలో న్యాయమెంతో ఆలోచించే తీరిక నాకు లేదు, ముక్కు డిజైను చేస్తున్నాను. మా వీధిలో కోస్తా నుంచి వచ్చిన రెండు కుటుంబాలు తాళాలు వేసుకుని వెళ్ళిపోయాయి. మా ఆవిడ గుమ్మం బయట గట్టిగా మాట్లాడడం మానేసింది, నోరు తెరిస్తే ఏ ఊరో తెలిసిపోతుందని. నేను తలుపు మీద ఎల్.ఎం.ఇ. అక్షరాలు చెరపలేదు. అవి చూసి ఎవరైనా గౌరవిస్తారనుకున్నాను కాబోలు.

ఒక బందు రోజున ఐదో ముక్కు పూర్తయింది. పెదవి దగ్గర గుండ్రటి వంపు తిప్పాను. అది చూసుకున్నాక మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాను. ఐదు లీటర్ల డబ్బాలో ఇంట్లో ఉన్న కిరసనాయిలు నింపి, ముక్కు బిగించి, ఆమె గుడిసెకు తీసుకెళ్ళడానికి సైకిలు క్యారియరు మీద కట్టుకున్నాను.

"ఈ రోజు వెళ్ళకండి," అంది మా ఆవిడ. "ఎల్లుండి ఆవిడే వస్తుందిగా."

రోడ్లు ఖాళీగా ఉంటాయి, తొణక్కుండా వెళ్ళొచ్చని జవాబిచ్చాను.

ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఉన్నచోట అప్పుడు ద్రాక్షతోటలు, మధ్యలో విజయవాడ రోడ్డు. నేను అక్కడికి చేరేసరికి దూరంగా ఒక బస్సు కాలి పొగ చిమ్ముతోంది. దానికి ఇవతల పోలీసు వ్యాను. బందు రోజున, కాలుతున్న బస్సు వైపు, సైకిలు మీద కిరసనాయిలు డబ్బాతో, ఆ డబ్బాకు జానెడు పొడవు ఇత్తడి ముక్కుతో నేను తొక్కుకుంటూ వెళ్ళాను. వాళ్ళు ఆపకపోయి ఉంటే నేనే ఆశ్చర్యపోవాల్సింది. కానీ ఆపినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను.

స్టేషన్లో బెంచీ మీద అప్పటికే ముగ్గురు విద్యార్థులున్నారు. నన్ను వాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. ఎస్సై ముక్కును బల్ల మీద పెట్టుకుని ఇది దేనికని అడిగాడు. ఒంటి మీద మంట పడకుండా దూరం నుంచి నూనె చల్లడానికే కదా అన్నాడు. అంత బాగా అది పనిచేస్తుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. నేను తెనాలివాణ్ణని, ఉద్యమంతో నాకేం సంబంధమని, ఆ ముగ్గురి ముందే గట్టిగా చెప్పుకున్నాను. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ బస్సులు కాలబెడుతున్నావా అన్నాడాయన. మరి ఈ నూనె ఎక్కడిది, ఎవరికి తీసుకెళ్తున్నావు అన్నాడు.

ఆయన చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. అడిగాడంతే. నేను చెప్పేశాను. ఫలానా ఆమె అమ్ముతుందని, ఫలానా చోట ఉంటుందని. కానిస్టేబులుకు దారి అర్థం కాకపోతే జేబులోంచి పెన్సిలు తీసి పటం గీసిచ్చాను. కర్మన్‌ఘాట్ గుడి, అల్మాస్‌గూడ దారి, ఎడమ పక్క మూడో గుడిసె. ఉత్తరం ఎటో బాణం గుర్తు కూడా వేశాను.

కానిస్టేబుళ్ళు వెళ్ళాక నా పక్కనున్న విద్యార్థి నా వైపు వంగాడు. మెల్లిగా అన్నాడు. "గామెనా నువ్వు చెప్పింది? మొన్న మావోళ్ళు పోయి ఆంధ్రోళ్ళ ఇండ్లేవో చూపియ్యుమంటే, నాకు సీసాలు ఎర్కగని మనుషుల ఊర్లు ఎర్కలేవన్నదంట. బండి అడ్డం వెట్టి నిలబడ్డదంట."

మా వీధిలో ఏ సీసా ఏ ఊరిదో ఆమెకు తెలియనిది కాదు. నేను బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాను. జరిగితే ఏమవుతుందనుకున్నానో నాకు తెలియదు.

గంట తర్వాత ఆమెను తీసుకొచ్చారు. వెనకే రెండు డబ్బాలు. కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఉంది. డబ్బాలు లాక్కుంటుంటే వదల్లేదట, చెయ్యి మెలిపడింది. బల్ల మీద ముక్కును చూసింది, బెంచీ మీద నన్ను చూసింది. ఎస్సై అడగకముందే మాట్లాడింది.

"గీ సారు బస్సు ముట్టిచ్చిండా? గీయనకు ఇంట్ల పొయ్యి ముట్టియ్యరాదు సారూ, పెండ్లామే ముట్టియ్యాలె. రెండు నెల్ల సంది ముక్కులు చేస్తుండు. ఒకటి ఎక్కలె. ఇంకోటి ఎక్కి దిగలె, నా డబ్బా కోసుడయింది. ఇంకోటి ఈయన మొకం మీదనే ఊంచింది. చదువుకున్నోడంట, జేబుల పిన్సీళ్ళు. డబ్బాకు గాలి కావాలని నాకే చెప్పవట్టె. గిది అయిదోది. గిది గూడ కారుతది. పోసి చూడున్రి."

ఎస్సై నిజంగానే పోసి చూశాడు. టీ కాచే స్టవ్వు తెప్పించి, ముక్కు బిగించి, డబ్బా వంచాడు. ధార సన్నగా, తిన్నగా పడింది. ఆ ఒక్క క్షణం ప్రాణం మీదికి వచ్చిన సంగతి మరచి గర్వపడ్డాను. ఆయన డబ్బాను నిలబెట్టగానే ముక్కులో మిగిలిన నూనె పెదవి కిందుగా జారి, డబ్బా పక్కగా పాకి, బల్ల మీది కాగితాల మీదికి పోయింది.

ముందు ఒక కానిస్టేబులు నవ్వాడు, తర్వాత బెంచీ మీది ముగ్గురూ. ఎస్సై తడిసిన కాగితాలు విదిలించుకుంటూ, నువ్వు ఇంజినీరువా అని అడిగాడు. ఎల్.ఎం.ఇ. అండీ అన్నాను. వెళ్ళమన్నాడు. ముక్కు కూడా తీసుకుపొమ్మన్నాడు. ఆమెనూ వదిలేశారు గానీ డబ్బాలు పది రోజులదాకా ఇవ్వలేదు.

ఆమె తెలివిని ఆ సాయంత్రం మా ఆవిడకు వర్ణించి వర్ణించి చెప్పాను. నన్ను బయటికి తీసుకురావడానికి నన్నెంత పనికిమాలినవాడిగా చిత్రించిందో, ఎంత నటించిందో. పటం సంగతి మాత్రం చెప్పలేదు. అది చెప్పడానికి నాకు ఇంకో మూడు రోజులు పట్టింది. విన్నాక మా ఆవిడ ఆ పూట నాకు అన్నం వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది.

డబ్బాలు వెనక్కి వచ్చాక ఆమె మళ్ళీ మా వీధికి వచ్చింది. మణికట్టుకు పసుపు రాసి గుడ్డ కట్టుకుంది. డబ్బా తొడ మీదికి ఎత్తబోతే ఎత్తలేకపోయింది. మా ఆవిడ నీలం సీసా కింద పెట్టి, నా వైపు తిరిగి, బందులకు ఫ్యాక్టరీ ఎలాగూ మూతపడి ఉంది, ఆ చెయ్యి తగ్గేదాకా మీరే బండి తోసి నూనె పోయండి అంది. అడగలేదు, చెప్పింది. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, సరేనంటూ ఒక్క షరతు పెట్టింది.

"నువ్వు నోరు తెరువకు. కేక నేనేస్త."

అలా మూడు వారాలకు పైగా దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో నేను నోరు మూసుకుని బండి తోశాను. మా ఫ్యాక్టరీ క్లర్కు ఒకాయన గుమ్మంలోంచి నన్ను చూసి తలుపు వేసుకున్నాడు, నాకు ఉద్యోగం పోయిందనుకుని. మొదటి రోజే నా ప్యాంటు ఎడమ తొడ తడిసింది. నాలుగో రోజుకు అక్కడ చర్మం మండింది. నిండు డబ్బా ఒకలా వంగుతుంది, పావు డబ్బా ఇంకోలా. సీసాల మూతులు వేరు, గాలి వేరు, కింద నేల ఎత్తుపల్లాలు వేరు. రెండు నెలలు బల్ల ముందు కూర్చుని గీసిన డ్రాయింగుల్లో ఇవేవీ లేవు. ఒక రోజు అలసి అరుగు మీద కూర్చున్నప్పుడు, ముక్కు అసలు ఎలా ఉండాలి అని ఆమెను అడిగాను. అడగడం అదే మొదటిసారి.

"పొట్టిగుండాలె," అంది వెంటనే. "ముక్కు పొడుగున్నకొద్ది చీదుడెక్కువ."

అంతే. పొడుగు ముక్కులో మిగిలిన నూనే కదా పోశాక కారేది. ఆరో ముక్కును ఇంట్లోనే బొటనవేలంత చేశాను. ఏ మూతికైనా పట్టేలా మొదలుకు పైన వెడల్పుగా, చివరికి సన్నంగా ఉండే బెండు బిరడా తొడిగి, ఇత్తడి పెదవి ఏటవాలుగా కోసి కొసను కిందికి వంచాను. గాలిగొట్టం ఉండనే ఉంది. ఆమె ఎడమచేత్తో ఒక్క సీసా నింపి, డబ్బా నిలబెట్టి, పెదవి కింద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. వేలు పొడిగానే ఉంది. ముక్కు తీసి చొక్కా జేబులో వేసుకుంది. నీకు కావాలంటే ఇంకోటి చేసుకోమంది నన్ను.

ఆ ముక్కును యజమాని ఒప్పుకున్నాడు. ప్లాస్టిక్ వచ్చేదాకా కొన్నేళ్ళు మా డబ్బాలతోపాటు అమ్ముడుపోయింది. డ్రాయింగు మీద సంతకం నాదే. ఇంకొకరి పేరు రాయడానికి డ్రాయింగు మూల పేర్లు రాసే గళ్ళలో చోటు లేదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. చోటుంది. రెండు గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

నాలుగో వారంలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె మణికట్టు గుడ్డ విప్పేసి ఉంది. బండి పిడి తనే పట్టుకుంది. రేపటి నుంచి రావద్దంది. నేను వస్తే ఆడవాళ్ళు గడప దాటి రావడం లేదట, పిల్లలను పంపుతున్నారట, పిల్లలు సీసాలు సరిగా పట్టుకోవడం లేదట. బేరం దెబ్బతింటోంది.

ఇక మళ్ళీ సందు దొరకదని నాకు అనిపించింది. మూడు వారాలుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట అప్పుడు బయటికి తెచ్చాను. ఆ రోజు స్టేషన్లో మీ గుడిసె చూపించింది నేనేనమ్మా అన్నాను.

"ఎర్కనే," అంది. "పోలీసోళ్ళ చేతుల కాయితం చూసిన. గంత సాఫుగ గీసేటోడు మా దిక్కు ఎవడున్నడు?"

"తెలిసి కూడా నా తరఫున మాట్లాడారా?"

"నీ తరఫున ఎప్పుడు మాట్లాడిన?"

"అదే, నాకు పొయ్యి ముట్టించడం రాదని, చదువుకుని దండగని, అదంతా నన్ను విడిపించడానికే కదా..."

ఆమె బండి ఆపింది. సీసాను తప్ప మనిషిని పెద్దగా చూడని ఆమె ఆ రోజు నన్ను తిన్నగా చూసింది.

"నిన్ను ఇడిపియ్యనీకి కాదు బిడ్డా. కోపమొచ్చి అన్న. చెయ్యి గుంజుతుంటె, ఆ కాయితం కండ్ల ముందల ఉంటె, నోటికొచ్చింది అన్న. వాళ్ళు ఇడిసిపెట్టిండ్రు, నేనేం చేద్దు?" పిడి మళ్ళీ అందుకుని, "ఇప్పుడు లేదు తియ్యి కోపం. డబ్బాలు మోసినవు గద," అంది.

బండి తోసుకుంటూ మలుపు తిరిగింది. కేక రెండో వీధిలో వినిపించింది. నేను ఇంటికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. ఆమె ఏమందని మా ఆవిడ అడిగింది.

రేపటి నుంచి రావద్దందని మాత్రం చెప్పాను.